ఎర్ర మచ్చలు, ఏడు రొట్టెలు

నా గుర్రప్పిల్లా, బెర్మెత్,

పాల లారీ నడిపే మామిత్ మన గుడారం ముందే నిలబడ్డాడు. "అక్కా, తొందరగా రాయి, పాలు పులిసిపోతాయి" అని ప్రాణం తీస్తున్నాడు. ఈ మేత కొండ మీద ఫోనుకీ రాయికీ తేడా లేదు, అందుకే ఈ కాగితం. బడిలో కంటే గొర్రెల వెనకే ఎక్కువ తిరిగినదాన్ని, తప్పులుంటే నవ్వుకో.

డాక్టరమ్మ ఇచ్చిన దిగులు మాత్ర రోజూ పొద్దున్నే టీతో వేసుకుంటున్నాను. ఇవాళ్టికి పదమూడు రోజులు. మీ అన్న ఎలామాన్ చలికాలంలో మంచుచరియ కింద పడి చనిపోయిన దగ్గర్నుంచి నేను సరిగ్గా తిన్నది లేదు కదా. నిన్న రెండు గిన్నెల పులుసు తాగాను! మీ నాన్న చెంచా పట్టుకుని నన్నే చూస్తూ కూర్చున్నాడు. "ఏంటా చూపు?" అన్నాను. "ఏం లేదు, నా వాటా మిగులుతుందా లేదా అని" అన్నాడు.

మోచేతుల దగ్గర నాలుగు ఎర్ర మచ్చలు లేచాయి. జోరీగలు కుట్టి ఉంటాయి.

నీ అమ్మ, జూరకాన్


ప్రియమైన అమ్మా,

నాన్న మాట మా కుట్టు షాపులో అందరికీ చదివి వినిపించాను. ఒకావిడ నవ్వుతూ నవ్వుతూ చొక్కాకి కాలరు తిరగేసి కుట్టేసింది.

కానీ అమ్మా, ఆ మచ్చలు నిజంగా జోరీగలవేనా? దురద ఉందా? కొత్త చోట కూడా లేస్తున్నాయా? మాత్ర రాసేటప్పుడు డాక్టరమ్మ ఏం చెప్పింది? "మొదట్లో కొందరి ఒంటికి ఇది పడదు, దద్దుర్లు వస్తే ఊరుకోకండి, నాకు చెప్పండి" అంది. నువ్వు అప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నావు. నేను విన్నాను.

ఉన్నదున్నట్టు రాయి.

నీ బెర్మెత్


నా గుర్రప్పిల్లా,

వాగు పొంగి దారి తెగింది, రెండు వారాలు లారీ రాలేదు. ఉన్నదున్నట్టే రాస్తున్నాను. మచ్చలు నాలుగు కావు, లెక్కపెట్టడం మానేశాను. చేతుల మీద, పొట్ట మీద, వీపు మీద. రాత్రంతా గోకుడే.

పక్క గుడారంలో మీ పెద్దమ్మ కల్బుబు ఊరుకుంటుందా? నా చొక్కా చెయ్యి పైకి లాగి చూసింది. "ఓసి పిచ్చిదానా, ఇది గాడిద దద్దురు! గాడిద వీపు మీది గుడ్డతో రుద్దితే మూడు పూటల్లో పోతుంది" అంది.

"ఎవరికైనా పోయిందా అక్కా?"

"మా అత్తకి పోయింది."

"మీ అత్తే పోయింది కదా!"

"అది వేరే జబ్బు. నువ్వు ముందు వీపు తిప్పు."

రుద్దింది. గాడిద తల తిప్పి నన్ను జాలిగా చూసింది. ఇప్పుడు దురద అలాగే ఉంది, పైగా గాడిద వాసన. మీ నాన్న తన పరుపు గుడారం అవతలి పక్కకి మార్చుకున్నాడు.

అసలు సంగతి అది కాదు తల్లీ. కొడుకు పోయి ఏడాది తిరగలేదు, అమ్మ మాత్ర మింగి పులుసు తాగుతోందని ఎలామాన్ ఆత్మ నొచ్చుకుంది. అందుకే ఒళ్ళు ఇలా రేగింది. పోయినవాళ్ళకి మనవాళ్ళు చేసినట్టే రెండు గురువారాలూ నూనె కాచి, ఏడేసి రొట్టెలు వేయించి, ఆ వాసన వాడికి అందాలని దువా చేశాను. మాత్ర కూడా ఆపేశాను. డాక్టరమ్మకి ఏమీ చెప్పకు.

అమ్మ


అమ్మా,

చెప్పేశాను. తిట్టాలనుంటే తిట్టు.

డాక్టరమ్మ నిన్ను చూడాలంటోంది. చూడకుండా ఏమీ తేల్చలేనంది. లారీలో వచ్చెయ్. ఈలోపు పెదవులు గానీ నాలుక గానీ కళ్ళ చుట్టూ గానీ వాచినా, ఊపిరి బిగిసినా, బొబ్బలు లేచినా, జ్వరం తగిలినా లారీ కోసం చూడొద్దు. ఆ క్షణమే నాన్న నిన్ను గుర్రం ఎక్కించి రోడ్డుకి తీసుకురావాలి. ఈ ముక్క నాన్నకి గట్టిగా చదివి వినిపించు.

అన్నయ్య నీ మీద అలుగుతాడా అమ్మా? రొట్టె మాడిందని తప్ప వాడు నీ మీద ఎప్పుడైనా అలిగాడా? వాణ్ణి పోగొట్టుకున్నాను. నిన్ను కూడా పోగొట్టుకోవడం నా వల్ల కాదు.

బెర్మెత్


నా గుర్రప్పిల్లా,

కొండకి క్షేమంగా చేరి రెండు వారాలయింది. నీ దగ్గర పది రోజులు ఉండి కూడా ఒక మాట నోటితో చెప్పలేకపోయాను. కాగితం అయితే నా ముఖం చూడదు కదా.

నీ ఉత్తరం అందిన పొద్దున నా పై పెదవి రొట్టెలా పొంగి ఉంది. మీ నాన్న సగం వినగానే జీను కోసం పరిగెత్తాడు. ఉత్తరం తెచ్చిన మామితే ఇద్దరినీ లారీలోకి తోసి, దారంతా ఒక్కచోట కూడా టీకి ఆపలేదు. అది నీకు తెలుసు. ఆస్పత్రిలో నాకు సూది వేశాక నిన్ను బయట కూర్చోబెట్టారు చూడు, అప్పుడు లోపల జరిగింది నీకు తెలీదు.

డాక్టరమ్మ అడిగింది: "మాత్ర ఆపి ఎన్నాళ్ళయింది అక్కా?"

నేను నేల చూశాను. "ఆపలేదు."

"మరి మీ అమ్మాయి ఆపేశారంది?"

"దానితో అబద్ధం చెప్పాను. ఇవాళ పొద్దున్న కూడా వేసుకున్నాను."

"ఈ పెదవితోనా!"

అవును తల్లీ, ఒక్క రోజు కూడా మానలేదు. ఆత్మ నొచ్చుకుందని రాసింది సాకు. నిజంగా నా భయం ఏంటంటే, దద్దుర్ల సంగతి తెలిస్తే డాక్టరమ్మ మాత్ర లాగేసుకుంటుందని. ఆ మాత్రకి ముందు కళ్ళు మూస్తే ఎలామాన్‌ని చుట్టి తెచ్చిన కంబళి ఒక్కటే కనపడేది. మాత్ర మొదలుపెట్టాక ఒకరోజు పాలు కాస్తుంటే, చిన్నప్పుడు వాడు మీగడ వేలితో తీసి నాకి, మూతి తెల్లగా పెట్టుకుని "నేను కాదమ్మా, పిల్లి" అనడం గుర్తొచ్చింది. నా కొడుకు ముఖం నాకు తిరిగొచ్చింది బెర్మెత్. దాన్ని మళ్ళీ ఎలా ఇచ్చెయ్యను? ఒళ్ళంతా రేగినా సరే అనుకున్నాను.

ఇదంతా చెప్తే డాక్టరమ్మ కలం పక్కన పెట్టి కోప్పడింది. "బూటు కరిస్తే చెప్పకుండా కుంటుతారా? ఇంకో బూటు ఇస్తాం కదా! ఈ మందు మీ ఒంటికి పడలేదు, అంతే. ఇక దీన్ని ముట్టుకోవద్దు. పేరు కాగితం మీద రాసిస్తాను, ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా చూపించండి. ఒళ్ళు చల్లబడ్డాక వేరేది మొదలుపెడదాం" అంది. ఇంకో మాత్ర ఉంటుందని నాకేం తెలుసు? ప్రపంచంలో ఉన్నది అదొక్కటే అనుకున్నాను.

కొత్తది మొదలుపెట్టి పంతొమ్మిది రోజులు. మీ నాన్న రోజూ నా చేతులు తిప్పి చూస్తున్నాడు, సంతలో గొర్రెని చూసినట్టు. ఒక్క మచ్చ లేదు. మొదటి వారం కాస్త కడుపులో తిప్పింది, సర్దుకుంది. ఎలామాన్ అలాగే కనపడుతున్నాడు. ఏడుపు వస్తుంది, వస్తే ఏడుస్తున్నాను, తర్వాత లేచి ఆడగుర్రాల పాలు పితుకుతున్నాను.

ఇంకొకటి. నీ గదిలో ఉన్న పది రోజులూ నిన్ను చూశాను. నీ మెడ ఎముకలు బయటికొచ్చాయి. నీ గిన్నెలు కడిగే పని లేకుండా శుభ్రంగా ఉన్నాయి. పోయింది నా కొడుకే కాదు, నీ అన్న కూడా. నా ఏడుపులో పడి ఇన్ని నెలలూ ఆ మాట నాకు తోచనే లేదు. క్షమించు తల్లీ. కష్టంగా ఉంటే నువ్వు కూడా ఆ డాక్టరమ్మ దగ్గర కూర్చో, మంచిది, కరవదు.

మామిత్ చేత ఎండు మాంసం, వెన్న, పెరుగు ఉండలు పంపుతున్నాను. షాపులో పంచిపెట్టకు, నీకే.

నీ అమ్మ, జూరకాన్

కడుపు నిండా తిను.