బీరప్ప చూసిన తర్వాతే

రామన్నపేట,
బుధవారం.

బాపుకు,

నీ బిడ్డ శ్రీవాణి దండాలు. ఇక్కడ నేను, అమ్మ బాగున్నాం. కృష్ణా నది అవతల నువ్వూ, గొర్రెల మందా చల్లగా ఉన్నారనుకుంటున్నాను. బియ్యంతోపాటు ఈ ఉత్తరం కూడా అంజయ్య మామ తెచ్చిస్తాడు.

అమ్మ మోకాళ్ల నొప్పి గురించి అడిగావు. తగ్గింది. మగ్గం విప్పేసిందా అని కూడా అడిగావు. తాత పోయినప్పటి నుంచి ఒక్కతే గొంగళ్లు నేస్తోంది. కొనేవాళ్లు లేరని ఈ ఏడాదితో విప్పేస్తానంది కదా. అందుకే నేనొక వెబ్‌సైటు తయారుచేశాను. హైదరాబాదులో దుకాణం నడిపే సుచరిత గారు, సైటు చూసి నచ్చితే నేసినవన్నీ తానే తీసుకుంటానన్నారు. కానీ సైటు తెరవబోతే పైన 'సురక్షితం కాదు' అని వస్తోంది. "ఇది చూస్తే కొనేవాళ్లు భయపడతారమ్మా, ముందు సరిచెయ్యి" అన్నారు.

దానికి భద్రతా సర్టిఫికెట్ కావాలి. ఉచితంగా ఇచ్చే సంస్థ ఉందంటే అమ్మ నమ్మలేదు. "పుక్కట్ల ఎవడిస్తడే? రేపొచ్చి గొర్రెపిల్లనడుగుతడు" అంది. వాళ్లొక గుర్తుమాట ఇస్తారు, దాన్ని మన సైటులో పెట్టాలి, వాళ్ల యంత్రం వచ్చి చూసుకుని సైటు మనదేనని నమ్ముతుంది. మందలు కలిసిపోతే 'నీదైతే పిలువు, వస్తదేమో చూద్దాం' అంటారే, అలాంటిదే అని చెప్పాక నవ్వింది.

ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరలేదు. తర్వాత తెలిసింది, తప్పు నాదే. ఏటా మొదటి గొంగడి బీరప్ప దేవునికి కప్పేదాకా మిగతావేవీ బయటివాళ్ల కంట పడకూడదని మన ఇంటి పద్ధతి కదా. అందుకని గొంగళ్ల ఫొటోలున్న సైటు మొత్తం పాస్‌వర్డ్ పెట్టి మూశాను. చూడవచ్చిన యంత్రం వాకిట్లోంచే తిరిగిపోతోంది.

"యంత్రానికి కండ్లుంటయా?" అని అడిగి అమ్మ తనే తేల్చేసింది. "ఉన్నా లేకున్నా గొంగళ్లు సూడొద్దు. గా మాట పెట్టిన కాడ మాత్రం జర సందియ్యి."

అంతమటుకే తెరిచాను. వెంటనే సర్టిఫికెట్ వచ్చింది.

ఇక అసలు సంగతి. కోపం తెచ్చుకోకు. సుచరిత గారు చూడాలంటే సైటు మొత్తం తెరవాలి. ఏటా కప్పే నువ్వొచ్చేదేమో వానలు పడ్డాకే. అందుకని ఆదివారం మొదటి గొంగడిని మేమే గుడికి తీసుకెళ్లాం.

"మల్లయ్య లేంది ఎవలు కప్పుతరు?" అన్నాడు పూజారి ఐలేశం తాత.

అమ్మ నా వైపు చూసింది.

"నేను తాతా. మల్లయ్య బిడ్డను."

"జర గట్టిగ చెప్పు బిడ్డా. నాకే ఇనబడలే, దేవునికేం ఇనబడ్తది?"

మళ్లీ చెప్పాను. తాత పక్కకు జరిగాడు. నేనే కప్పాను.

సైటు ఆ సాయంత్రమే తెరిచాను. సుచరిత గారు అన్నీ తీసుకుంటానన్నారు. అమ్మ మగ్గం విప్పడం లేదు.

కాన్వెంటులో చేర్చిన రోజు సిస్టరు నా పేరడిగితే నీ గొంగడి చాటున దాక్కున్నాను, గుర్తుందా? నా బదులు నువ్వే చెప్పావు. నువ్వు ఎండల్లో మంద వెంట తిరుగుతూ నన్ను బడి నీడలో ఉంచావు. ఎదురుగా ఉంటే ఈ మాట నా నోటికి రాదు, అందుకే రాస్తున్నాను. ఆ సర్టిఫికెట్ కొన్నాళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి. ప్రతిసారీ సైటు ఎవరిదని అడుగుతారు. అడగనీ.

ఆ రోజు నా పేరు నువ్వు చెప్పావు. ఆదివారం నీ పేరు నేను చెప్పాను. బయట చెప్పుల దగ్గర కూర్చున్న సోమమ్మ అవ్వకు కూడా వినబడిందట.

ఇట్లు,
దేవునికి వినబడేలా మాట్లాడిన నీ బిడ్డ,
శ్రీవాణి