చిత్రావతి నీళ్ళలో మన చేని మందు

అమ్మా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. ఈసారి వానలకు బాగేపల్లి దగ్గర చిత్రావతి పారింది. పొలాల దిగువన ఏటి నీళ్ళు పట్టి పరీక్షించే పని మా ల్యాబులో నాకే ఇచ్చారు. మన వేరుశెనగ చేని దిగువన కూడా ఒక సీసా నింపాను. అందులో కలుపు మందు బయటపడింది.

నాయనకు చెప్పాను.

"కలుపు తీసీ తీసీ మీ అమ్మ నడుము పడిపోయిందనే కదమ్మా ఆ మందు తెచ్చినాను. ఇప్పుడు ఆ నీళ్ళు తాగొచ్చునా, తాగకూడదా?"

"శానా తక్కువ ఉండాది నాయనా. ఎంతుంటే చెరుపో మా సార్లకే సరిగ్గా తెలీదు."

"తెలీనప్పుడు ఎందుకు చూస్తాండారు?"

అమ్మా, ఆ మందు వచ్చాకే కదా నువ్వు మళ్ళీ నిటారుగా నడిచావు? దాన్ని తప్పని ఎలా అనను? మంచిదని ఎలా అనుకోను?

ఈ పొద్దున నాయన చేలో గొంతుకూర్చుని చేత్తోనే కలుపు పీకడం మొదలుపెట్టాడు. మోకాళ్ళ నొప్పితో రెండు సాళ్ళు కూడా దాటలేకపోయాడు. ఆపమని చెప్పాలో, కానిమ్మనాలో తెలియలేదు. ఆయన పక్క సాలులో కూర్చుని నేనూ పీకాను.

నీ కూతురు