బొటనవేలు పడని ఖాతా

తొండుపల్లి,
12 ఆగస్టు 2012.

ఖాతాదారుల ఫిర్యాదులు వినే అధికారి గారికి,
రంగారెడ్డి జిల్లా.

అయ్యా,

విషయం: నా కోడలు కవిత ఖాతాలో ఉన్న రూ. 23,600 ఆమె సంతకం మీదనే ఇప్పించుట గురించి.

తొండుపల్లి నివాసి గోనె శివయ్య అను నేను తమకు తెలియజేసుకునేది ఏమనగా:

1. నా కోడలు విమానాశ్రయంలో కాంట్రాక్టు కింద నేల తుడిచే పని చేస్తుంది. నిరుడు బ్యాంకు తరఫున మా ఊరికి వేలిముద్రల మిషను తెచ్చిన మల్లేశ్వర్, ఆడవాళ్లకు సొంత ఖాతా ఉండాలని చెప్పి ఆమెకూ ఖాతా తెరిచాడు. యాసిడు తగిలి వేళ్లు అరిగిపోయినందున తొమ్మిది వేళ్లను మిషను పట్టలేదు. "అక్కా, నీ కుడి బొటనవేలు ఒక్కటే పడుతున్నది. జర పైలంగా చూసుకో" అని అతను అందరి ముందు నవ్వుతూ అన్నాడు. విన్నవారిలో ఆమె భర్త, అనగా నా కొడుకు కొండల్ ఉన్నాడు.

2. విమానాశ్రయానికి పోయిన భూమి పైసలతో కొండల్ కారు కొన్నాడు, దాన్ని అమ్ముకొని తాగాడు. తర్వాత భార్య జీతం అడిగాడు. జులై 3 మధ్యాహ్నం ఆమెను జుట్టు పట్టి మిషను దగ్గరకు ఈడ్చుకుపోయాడు. ఆమె పిడికిలి విప్పలేదు. "అన్నా, గట్ల గుంజితే మిషను తీసుకోదు" అని మల్లేశ్వర్ మిషను పక్కకు జరుపుకున్నాడు. కొండల్ ఆమెను ఇంటికి తెచ్చి, చేతిని రోలు మీద పెట్టి, మోకాలితో అదిమి, పొత్రంతో కొట్టాడు. "నాకు రాని పైసలు నీకెందుకే? ఇగ పెట్టు వేలు, ఎట్ల పెడతవో చూస్త" అన్నాడు. మూడు దెబ్బలు. మొదటి దెబ్బకే ఎముక బయటపడింది.

3. పక్కింటి దుర్గవ్వ పోలీసులకు ఫోను చేసింది. దవాఖానలో ఆ బొటనవేలు తీసివేశారు. కొండల్ జైలులో ఉన్నాడు. ఈ నెల 24న బెయిలు మీద వస్తాడని వకీలు చెప్పాడు. "వచ్చినంక ఇంకో చెయ్యి ఉన్నది గద" అని కొండల్ కబురు కూడా పంపాడు. అంతలోపు కోడలు, మనవరాలు రేఖ వేరే చోట గది కిరాయికి తీసుకొని వెళ్లిపోవాలి. గది అడ్వాన్సుకు ఆ ఖాతా తప్ప మాకు వేరే ఆధారం లేదు.

4. బ్యాంకులో గుమాస్తా గారు కట్టు విప్పించి చూశారు. "వేలు లేనప్పుడు భర్త సంతకం కావాలండి" అన్నారు. ఆ వేలు పోగొట్టింది భర్తే అని చెప్పాను. "ఏం చేస్తామండీ, రూలు. పోనీ జైలు నుంచి రాయించి పంపినా సరిపోతుంది" అన్నారు. అప్పుడు కోడలు, "సారూ, మిగిలిన తొమ్మిది గూడ ఆయనకే ఇచ్చి రావాల్నా?" అని అడిగింది. గుమాస్తా గారు తర్వాతి టోకెను పిలిచారు.

5. నేను బడికి పోలేదు. రోజువారీ లెక్కలు రాస్తూ రాత నేర్చుకున్నాను. ఆ లెక్కల పుస్తకంలోనే కోడలికి ఎడమచేత్తో సంతకం నేర్పించాను. ముప్పై ఒక్క పేజీలు అయినవి. చివరి పేజీ జతచేస్తున్నాను. అక్షరాలు వంకరగా లేవు.

కావున ఆ సంతకాన్ని ఒప్పుకొని, 24వ తేదీకి ముందే డబ్బు ఆమె చేతికి, ఎడమచేతికే, అందేటట్లు చూడగలరని ప్రార్థన. ఇంతకు మించి రాయడం నాకు చేతకాదు. చిత్తగించి జవాబు ఇప్పించవలెను.

తమ విధేయుడు,
గోనె శివయ్య

మరొక మనవి: భర్త బదులు ఇంటి పెద్దగా నన్ను సంతకం పెట్టమని గుమాస్తా గారు తర్వాత అన్నారు. నా సంతకం తీసుకోవద్దు. జులై 3న ఆ ఇంట్లో నేను ఉన్నాను. మొదటి దెబ్బకు కోడలు "మామా" అని పిలిచింది. నేను లేచాను. దుర్గవ్వ మా వాకిట్లోకి వస్తున్నది కనబడింది. పరువు పోతుందని పోయి తలుపు వేశాను. మిగిలిన రెండు దెబ్బలు తలుపు వేసినాక పడ్డవి. ఇది పోలీసులకు చెప్పలేదు. ఈ కాగితం వారికి చూపినా సరే, డబ్బు మాత్రం 24కు ముందే ఇప్పించండి.