జాయిస్ చేతులు కట్టేసినందుకు

క్రాంతీ,
మునేరు పొంగి మన వాకిట్లోకి వచ్చిన ఏడాదే డాక్టరమ్మ చెప్పింది, జాయిస్ చేతులు ఆడుతుంటేనే దాని బుర్ర చదువు మీద నిలుస్తుందని. నువ్వూ పక్కనే కూర్చుని తలూపావు. నిన్న రాత్రి నీ కూతురు పురికొస పేనుకుంటూ పాఠం చదువుతుంటే "ఏంటే ఆ కోతి చేష్టలు!" అని బెల్టు తీశావు. ఆ పురికొసతోనే చేతులు కుర్చీకి కట్టి కొట్టావు. కట్టేశాక దానికి ఒక్క ముక్క గుర్తు రాలేదు. గుర్తు రాలేదని మళ్లీ కొట్టావు. అడ్డమొచ్చిన నన్ను గోడకేసి నెట్టావు.

దాన్ని నందిగామ, మీ అక్క ఫ్లోరెన్స్ ఇంటికి తీసుకుపోతున్నా. వెంటబడి రావద్దు. ఇంకోసారి దాని మీద చెయ్యి లేస్తే ఆ చెయ్యి విరగ్గొడతా, కొడుకువని చూడను.

గేదెకు కుడితి పెట్టు. పెరుగన్నం కలిపి మూతపెట్టా. తినేముందు ప్రార్థనకి చేతులు జోడిస్తావుగా, అప్పుడు వాటిని ఓసారి చూసుకో.
నాన్న

పొద్దున దాని వేళ్లు వాచి పురికొస పట్టుకోలేకపోయింది. నా తువ్వాలు దాని కాళ్ల కింద వేశా. కాలివేళ్లతో నలుపుకుంటూ పాఠమంతా అప్పజెప్పింది.