ఒకే ఖాతాలో ఇద్దరం

మాట వినని చెల్లాయికి, అంతకన్నా మాట వినని పెద్దన్నయ్య రాసేది:

నువ్వు పంపిన కొత్త ఫోను అందింది. పెట్టె విప్పలేదు. బల్ల మీద నిఘంటువు పక్కన పెట్టి రోజూ చూస్తున్నాను. అదీ నన్ను చూస్తోంది. ఈ ముక్క ఫోనులోనే చెప్పొచ్చుగా, ఉత్తరం దేనికి అంటావు. నా ఫోను సగం మాటలో ఊపిరి వదిలేస్తోంది, అదొక కారణం. నీతో మాట్లాడితే మీ ఆయన స్పీకరు పెట్టించి పక్కనే కూర్చుంటాడు, అది అసలు కారణం. ఉత్తరానికి స్పీకరు ఉండదు. ఇది చదవాలంటే బావ లేచి కళ్లజోడు వెతుక్కోవాలి. ఆయన బద్ధకమే నాకు శ్రీరామరక్ష.

పెట్టె రాకముందే ఆయన ఫోను చేసి దాని గుణగణాలన్నీ వర్ణించాడు. పెళ్లిచూపుల్లో పిల్లను గురించి కూడా ఎవరూ అంత చెప్పరు. "మీ పాత కంపెనీవాళ్లు మీ మోడల్‌ని వదిలేశారండీ బావగారూ. వాళ్లే వదిలేశాక మీరింకా దాన్ని పట్టుకుని వేలాడితే ఎలా? మనిషన్నాక మారాలి" అన్నాడు. ఉద్యోగమంతా ఒకే కుర్చీలో కూర్చుని, దాని కాలు ఊగుతుంటే కింద అట్టముక్క పెట్టుకున్నాడు గానీ కుర్చీ మార్చని మనిషి నాకు మార్పు గురించి చెప్పాడు. విన్నాను. మధ్యలో ఫోను ఆగిపోయింది. నా ఫోనుకు ఇంకా కాస్త వివేకం మిగిలి ఉంది.

నేను మొండికేశానని అనుకోకు. నిజంగానే తేల్చుకోలేకపోతున్నాను. మారడానికి కారణాలు లేకపోలేదు. పాతది చార్జింగు తీగ పీకితే చాలు, స్పృహ తప్పుతోంది. బ్యాంకువాళ్ల యాప్ అందులో తెరుచుకోవడం మానేసింది. పైగా మీ ఇంటిల్లిపాదీ ఒకే కంపెనీ: నువ్వు, మీ ఆయన, మీ అమ్మాయి, అల్లుడు. అది ఫోను కాదు, మతం. నన్నొక్కణ్ని కలుపుకుంటే మీకు పుణ్యం. మా పాఠకుల సంఘం అధ్యక్షుడు కూడా అందులోనే కలిశాడు. ఆయన ఎన్ని పేజీలు చదివాడో ఆ ఫోను లెక్క చెబుతుందట, ఆ లెక్క సభలో అందరికీ చూపించాడు. చదివానని ఫోను సాక్ష్యం చెప్పాల్సిన గతి ఇన్నాళ్ల లైబ్రేరియన్ ఉద్యోగంలో నేను ఏ పాఠకుడికీ రానివ్వలేదు.

మారకపోవడానికీ కారణాలున్నాయి. అలవాటైన మీటలు, అలవాటైన మోత, కళ్లు మూసుకున్నా వేలు వెళ్లే చోటు. ఇవేమంత గట్టివి కావని నాకూ తెలుసు.

ఎటూ తోచక ఫోన్ల షాపుకు వెళ్లాను. అక్కడి అమ్మాయి నా పాత ఫోనును రెండు వేళ్లతో పట్టుకుని చూసింది.

"ఏం తాతగారూ, మారిపోదామా?"

"మారితే ఏం పోతుంది?"

"ఏదీ పోదండి. నంబర్లు, మెసేజీలు, ఫోటోలు అన్నీ కొత్తదాన్లోకి పంపించేస్తాను. పాత కంపెనీ ఖాతా మూసేసి, ఈ కంపెనీలో కొత్త ఖాతా తెరుద్దాం."

"ఇవాళ్టిదాకా ఉన్న ఫోటోలు వస్తాయి, సరే. రేపటివో?"

ఆ అమ్మాయి నన్ను జాలిగా చూసింది. "రేపటివి రేపు మీరే తీస్తారు కదండీ."

ఆలోచించుకుని వస్తానని సంచి సర్దుకున్నాను. "ఇందులో ఆలోచించడానికేముంది తాతగారూ" అని వెనకనుంచి అంటూనే ఉంది.

పొద్దున లేచినప్పుడు మారిపోదామనిపించింది. ఇప్పుడు మధ్యాహ్నం, వద్దనిపిస్తోంది. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. ఇందులో నేను పామునో కప్పనో అదీ తెలియడం లేదు.

ఇట్లు,
పెట్టె విప్పని నీ పెద్దన్నయ్య


చెల్లాయీ,

నీ జవాబు వచ్చింది. "నువ్వు ఇన్ని కారణాలు చెప్పావంటే అసలుది చెప్పలేదన్నమాట" అని రాశావు. మీ ఆయనతో ఇంతకాలం కాపురం చేసి కూడా తెలివి పాడుచేసుకోలేదు, సంతోషం.

అసలు కారణం మీ చిన్నన్నయ్య. వాడి మాట నా దగ్గర ఎత్తవద్దని మీ అందరికీ ఆజ్ఞ వేసినవాణ్ని నేనే. ఇప్పుడు నేనే ఎత్తుతున్నాను. నవ్వుకుంటే నవ్వుకో. నవ్వడం నీకు కొత్త కాదు. నా ఉద్యోగ విరమణ సభలో వాడు మైకు పట్టుకుని, "మా అన్నయ్య అట్టల మీద చదివినంత శ్రద్ధగా లోపల కూడా చదివుంటే ఇంట్లో మేమందరం కాస్త సుఖపడేవాళ్లం" అన్నప్పుడు ముందు వరసలో కూర్చుని నవ్వింది నువ్వే. హాలంతా నవ్వింది. ఆ నవ్వులో నా జీవితమంతా ఒక్క మాటతో కొట్టుకుపోయింది. వేరే ఎవరైనా అని ఉంటే దులిపేసుకునేవాణ్ని. నేను లైబ్రరీనుంచి మోసుకొచ్చిన పుస్తకాలు నా పక్కనే పడుకుని చదివినవాడు అన్నాడు. ఆ రోజునుంచీ వాడి గుమ్మం తొక్కలేదు. వాడూ నా గుమ్మం తొక్కలేదు. ఉన్నది నాలుగు వీధుల అవతలే.

ఇప్పుడు ఫోను సంగతి. ఆ సభకు కొన్ని నెలల ముందు మేమిద్దరం ఒకే కంపెనీ ఫోన్లు, ఒకేరోజు కొన్నాం. వాటిని సరిచేసి ఇచ్చింది మీ అమ్మాయి. ఖాతా తెరవడానికి పాస్‌వర్డు పెట్టమంటే నాకు విసుగొచ్చింది, వాడికి అంతకన్నా విసుగొచ్చింది. "ఇద్దరికీ ఒకటే పెట్టెయ్యవే, మేమేం వేరా?" అన్నాడు వాడు. అలా ఇద్దరి ఫోన్లూ ఒకే ఖాతాలో ఉండిపోయాయి. వాడు తీసిన ప్రతి ఫోటో వచ్చి నా ఫోనులో పడుతుంది. మాటలు ఆగిపోయాయి గానీ ఫోటోలు ఆగలేదు. ఖాతా విడదీయించాలంటే మళ్లీ మీ అమ్మాయిని పిలవాలి, ఎందుకో చెప్పాలి. అందుకని ఊరుకున్నాను. నేను తీసినవి వాడి ఫోనులో పడకూడదని ఫోటోలు తీయడమే మానేశాను.

వాడి పని నీకు తెలుసు. గోడ గడియారం, కుట్టుమిషను, మిక్సీ, ఏది తెచ్చినా విప్పి బాగుచేస్తాడు. విప్పేటప్పుడు ఒక్కో భాగం ఊడదీసేముందు ఒక ఫోటో తీసుకుంటాడు. బిగించేటప్పుడు చివరి ఫోటోనుంచి వెనక్కి చూసుకుంటూ వస్తాడు. ఆ గొడవంతా నా ఫోనులో పడేది. పళ్లచక్రాలు, స్ప్రింగులు, జిడ్డు పట్టిన గుడ్డ మీద వరసగా పేర్చిన మరలు. చెరిపేద్దామనుకున్నాను. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుందని మీ అమ్మాయి అప్పుడే హెచ్చరించింది. నా కోపం వాడి మీద, ఎవరో కుట్టుపని చేసుకుని బతికే ఆవిడ మిషను మీద కాదు కదా. ఉంచేశాను. ఉంచినవాణ్ని ఊరుకున్నానా, చూడడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకి వాడి బల్ల మీదికి ఏ మిషను వచ్చింది, ఏది బిగిసింది, ఏది మొరాయిస్తోంది అన్నీ నాకు తెలిసిపోతుండేవి. పొద్దున కాఫీతో పాటు అదొక దినపత్రిక అయిపోయింది. ఇది దొంగచూపే. కాదనను.

ఈమధ్య ఫోటోలు మారాయి, చెల్లాయీ. మొదట ఎక్కువయ్యాయి. ఒక్క మర ఊడదీసే ముందు అదే ఫోటో మళ్లీ మళ్లీ తీస్తున్నాడు. తర్వాత మిషన్లు కానివి రావడం మొదలైంది. కట్టేసి ఉన్న గ్యాస్ పొయ్యి మీట. తాళం వేసిన వాడి ఇంటి తలుపు. అరచేతిలో మాత్రలు. మందుల షాపు దగ్గర మలుపు, మళ్లీ అదే మలుపు అటువైపునుంచి. వాడు పుట్టి పెరిగిన వీధిలాంటిదది, ఆ మలుపులో వాడికి ఫోటో ఎందుకు? మొన్న ఒకటి వచ్చింది. మరదలు వంటగదిలోంచి వెనక్కి తిరిగి నవ్వుతోంది. బాగుంది ఫోటో. అందులో వాడు మరిచిపోకుండా దాచుకుందామనుకున్నది ఏమిటో తోచాక ఆ పూట ఇక ఫోను ముట్టలేదు.

ఇప్పుడు చెప్పు. కంపెనీ మారితే ఆ ఫోటోలు రావు. వాడేమైపోతున్నాడో చూసేవాడు ఉండడు. మారకపోతే ఈ ఫోను నేడో రేపో పోతుంది, అప్పుడూ రావు. మరదలికి చెబుదామంటే, మీకెలా తెలిసింది బావగారూ అంటుంది. చెప్పకపోతే ఏ రోజో ఆ పొయ్యి మీట కట్టేసి ఉండదు. చెబితే వాడి షాపు మూయిస్తారు, ఆ షాపు లేకపోతే వాడు లేడు. అసలు నేను పొరపడ్డానేమో కూడా. జబ్బుల పుస్తకాలు ఇంట్లో ఉన్నవన్నీ తీశాను. ఒకటి అవునంటుంది, ఒకటి వయసంటుంది, ఒకటి మంచినీళ్లు ఎక్కువ తాగమంటుంది. ఇన్ని పుస్తకాల మధ్య బతికి ఒక్క మాట తేల్చుకోలేక కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాను. ఒక్కోసారి మారిపోయి కళ్లు మూసుకుంటే హాయి అనిపిస్తుంది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నువ్వు మరదలితో మాట్లాడు. వద్దు, మాట్లాడకు. నా తర్వాతి ఉత్తరం వచ్చేదాకా ఆగు.

నీ పెద్దన్నయ్య


చెల్లాయీ,

ఫోను పోయింది. చార్జింగు పెట్టినా వెలగలేదు. ఒక పూటంతా దాన్ని చేతిలో పట్టుకుని ఇంట్లో తిరిగాను. ఆ పూట వాడు ఏం ఫోటో తీశాడో, ఏ మలుపులో నిలబడ్డాడో తెలియలేదు. ఇక ఉండలేక చెప్పులేసుకుని వాడి షాపుకు బయలుదేరాను. దారి పొడుగునా ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను. ముందు ఆ సభలో అన్న మాటకు జవాబు, ఆ తర్వాతే మిగతావి. మంచి మాటలు దొరికాయి. ఒకటి రెండు మీ ఆయన మీద కూడా పనికొస్తాయి.

వాడు బల్లమీద ఒక గోడ గడియారం విప్పుకుని కూర్చున్నాడు. తలెత్తి చూసి, "రా అన్నయ్యా. ఏంటీమధ్య రావడం తగ్గించేశావు?" అన్నాడు. పక్కనున్న స్టూలు గుడ్డతో తుడిచాడు.

వెటకారమేమోనని ముఖంలోకి చూశాను. కాదు.

ఫోను తీసి ఇచ్చాను. తిప్పి చూశాడు. వెనక మూత ఊడదీసేముందు తన ఫోనుతో ఒక ఫోటో తీశాడు. లోపలి మరలు గుడ్డమీద పెట్టాడు. లోపల అక్కడక్కడా గీకి చూసి, "ఇది ఇక లేవదన్నయ్యా" అన్నాడు. "కొత్తది కొనుక్కో."

"ఏ కంపెనీది కొనమంటావు?"

"ఏదైతేనేం. విప్పితే అన్నింట్లోనూ ఇవే ఉంటాయి. పైన అట్టే తేడా."

అట్ట అనే మాట వాడి నోట రాగానే నాకు పాత మంట లేచింది. ఇక ఆగలేకపోయాను. "ఒరేయ్, నేను అట్టలు చదివినంతగా లోపల చదవలేదని అన్న మాట గుర్తుందా? సభలో, అంతమంది ముందు?"

వాడు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ముఖం ఎర్రబడింది.

"ఎవడన్నాడన్నయ్యా అది?"

నేను స్టూలు దగ్గరికి లాక్కున్నాను.

"నిన్నా? నువ్వు చదివినన్ని ఈ ఊళ్లో ఎవడు చదివాడు? ఏ వెధవన్నాడో చెప్పు. షాపు కట్టేసి ఇప్పుడే వస్తా." లేచి నిలబడ్డాడు కూడా.

"కూర్చోరా" అన్నాను. "వాడిప్పుడు లేడులే."

"పోయాడా?"

"ఊరొదిలిపోయాడు."

"పోతేపోయాడు. అలాంటివాళ్ల మాట నువ్వు మనసులో పెట్టుకోకు" అని కూర్చున్నాడు. నా ఉపన్యాసం ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు. ఇన్నాళ్లూ నేను ఒక తగాదాను పెంచి పోషించాను, దానికి రెండోవైపు మనిషి లేడు. ఎవరి మీద గెలవను? చెల్లాయీ, నాకు బాధ వేసిందో, బరువు దిగిందో, ఇప్పటికీ తెలియడం లేదు. రెండూ ఒకేసారి అయి ఉంటాయి.

గడియారం బిగించడానికి కూర్చుని మధ్యలో ఆగిపోయాడు. ఫోనులో ఫోటోలు అటూ ఇటూ తిప్పాడు. మర ఒకటి వేళ్ల మధ్య ఉంది. "అది ఎడమ వైపుదిరా, చిన్న చక్రం కింద" అన్నాను. ఇన్నాళ్లూ చూసిన చూపు ఊరికే పోలేదు. పెట్టి చూశాడు. కూర్చుంది. "నీకెలా తెలుసు?" అన్నాడు. "చదివాను" అన్నాను. తలూపాడు.

సాయంత్రం ఇంటికి తీసుకెళ్లాడు. మరదలు టీ ఇచ్చి, వాడు చేతులు కడుక్కోవడానికి లేవగానే గొంతు తగ్గించి, "మీకు తెలిసిపోయిందా బావగారూ?" అంది. డాక్టరుకు ఎప్పుడో చూపించిందట. ఫోటోలు తీసుకుంటూ ఉండమని చెప్పింది ఆ డాక్టరే. పనిలో ఉన్నంతకాలం ఉండనివ్వమన్నాడట, పక్కన ఎవరైనా ఉంటే మంచిదన్నాడట. "నేను రోజంతా షాపులో కూర్చోలేను. మిమ్మల్ని అడుగుదామంటే, మీ ఇద్దరికీ మాటల్లేవు కదా" అంది. అడిగితే నేనేమనేవాణ్నో తెలుసు కాబట్టి ఆవిణ్ని ఏమీ అనలేదు.

నువ్వు పంపిన పెట్టె విప్పాను. మీ మతంలో కలిశాను. మీ ఆయనకు చెప్పు, ఆ ఆనందంలో నాకు ఫోను చేసి వాడే పద్ధతి మాత్రం చెప్పవద్దను. వాడి ఫోటోలు ఇందులో పడవు. పడక్కర్లేదు. రోజూ ఆ స్టూలు మీద కూర్చుంటున్నాను. వాడు మర తీస్తే ఎక్కడిదో పైకి చెబుతున్నాను, వాడు మళ్లీ చెబుతున్నాడు. ఇది ఎన్నాళ్లు సాగుతుందో నాకు తెలియదు. తెలిసినట్టు రాస్తే నమ్మకు. నువ్వు ఒకసారి వచ్చి చూసి పో. వాడు నిన్ను గుర్తుపట్టేటప్పుడే రా.

పొద్దున నేను వాడింటికి వెళ్తాను. ఇద్దరం కలిసి షాపుకు నడుస్తాం. మందుల షాపు మలుపులో వాడు నా మోచెయ్యి పట్టుకుంటాడు. ఎదురైనవాళ్లు ఎక్కడికని అడిగితే, "అన్నయ్యను షాపుకు తీసుకెళ్తున్నా, ఆయనకీమధ్య దారి సరిగ్గా తెలియడం లేదు" అంటున్నాడు. నేను కాదనడం లేదు.

ఉంటాను,
నీ పెద్దన్నయ్య