పాలు రాని ఆకు

జూన్ 3
మిద్దె మీద కుండీలో మొక్క మోకాలెత్తు దాటింది. కణుపుకు రెండు ముళ్లు, ఎదురెదురుగా. ముందటేడు వేసవిలో రమ పుట్టిల్లు అత్తిబెలె నుంచి కలివిపండ్లు తెచ్చి, ఇక్కడే నిలబడి తిన్నది. గింజలు ఈ కుండీలోకే ఉమ్మింది. వానలకు ఇది మొలిచేనాటికి తను పోయింది.
కలివే అయి ఉంటుంది... పేపర్లో పనిచేసినన్నాళ్లూ 'అయి ఉంటుంది' అని వార్తలో ఎప్పుడూ రాయలేదు.

జూన్ 5
తెలిసిన బాటనీ లెక్చరర్‌కి ఫొటో పంపాను. "ఫొటోలో ఏం తెలుస్తుంది సార్? ఆకు తుంచండి. పాలొస్తే కలివి. రాకపోతే బలుసు."

జూన్ 6
తుంచలేదు.

జూన్ 9
బొమ్మనహళ్ళి సిగ్నల్ దగ్గర తోపుడు బండి, నేరేడు పండ్లు. తను ఉంటే ఆటో ఆపించేది. నల్లబడిన నాలుక చూపించి — "నీకు రేటే తెలుసు, రుచి తెలీదు."
కొన్నాను. సగం మిగిలాయి.

జూన్ 12
తుంచాను. పాలు రాలేదు. కింది కొమ్మది ఇంకో ఆకు. రాలేదు.
బలుసు. ఏ పిట్ట రెట్టలోనో వచ్చి పడింది. రమ ఉమ్మిన గింజ కాదు.

జూన్ 13
అత్తిబెలె. రమ అక్కకు చెప్పాను. నవ్వింది. "దీనికా మొగం అంత చిన్నబుచ్చుకున్నావు? బలుసుకేమప్పా. బతికుంటే బలుసాకు..."
ఆగిపోయింది. పొయ్యి చూసొస్తానని లేచింది. పొయ్యి వెలిగించి లేదు.
తిరిగొచ్చి — "ఆ కుండీలో మన్ను యాడిదనుకున్నావు? మా గుట్టదే. రమే సంచిలో మోసకపొయ్యింది. బెంగుళూర్లో మన్నే లేదా అని నేను ఎగతాళి చేసినా. ఆ పొదల్లో కలివీ బలుసూ కలిసే ఉండె."
గుట్ట చూపించు వదినా అన్నాను.
"ఇంకా యాడుండాదప్పా. చదును చేసి గోడౌన్ కట్టినారు."

జూన్ 14
మన్నుతో వచ్చిన గింజ కావచ్చు. పిట్ట వేసింది కావచ్చు. సాక్షి ఒక్కతే, అదీ సొంత అక్క. చూడ్డానికి చోటు లేదు. ఎవరైనా ఇంతమాత్రం ఆధారంతో వార్త తెస్తే వెనక్కి పంపేవాణ్ణి.
నీళ్లు పోశాను.

జూన్ 17
పొద్దున్నే పిట్టగోడ మీద పికిలిపిట్ట. ముక్కున ఏదో పండు. కుండీ వైపే చూస్తోంది. ఏ పండో ఇంత దూరానికి ఆనడం లేదు. కళ్లజోడు లోపల, బల్ల మీద ఉంది.
తెచ్చుకోలేదు.