ఫైర్ స్టేషన్ పేరంటం

అక్కయ్య పాదాలకు నమస్కరించి చెల్లెలు సావిత్రి రాస్తున్నది.

ఇక్కడ నేను, మా అమ్మాయి సుజాత, అల్లుడు మురళి, చంటిది అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బావగారు, నీ మోకాళ్ళు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఫోన్‌లో నీకు సగం వినపడదు. గట్టిగా చెబితే పక్కగదిలో మురళి కాన్ఫరెన్స్ కాల్‌లో ఉన్నవాళ్ళకి వినపడుతుంది. మొన్న నేను నీకు వంకాయ పచ్చడి ఎలా చేశానో చెబుతుంటే, వాళ్ళ మేనేజరు "మీ ఇంట్లో ఏమైనా గొడవా?" అని అడిగాడట. అందుకని కాగితమే నయం. రవళి పెళ్ళి శుభలేఖ అందింది. నీకు మనవరాలైతే నాకు కాదూ. దాని సంగతి చివర్లో రాస్తాను, ముందే అక్కడికి వెళ్ళిపోకు.

చలి తగ్గింది. తగ్గడమంటే స్వెటర్ మీద శాలువా ఒకటి చాలు, రెండు అక్కర్లేదు. మేముండేది మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఊరు షామ్‌బర్గ్ కాదు. అక్కడైతే మనవాళ్ళ కొట్లుంటాయి, గోంగూర దొరుకుతుంది, పులుపు మాత్రం ఉండదు. మేము దానికి ఇంకో గంట అవతల, మొక్కజొన్న చేలు తీసేసి ఇళ్ళు కట్టిన చోట ఉన్నాం. పొద్దున్న ఎనిమిదింటికి చంటిదాన్ని డేకేర్‌లో దింపడానికి తీసుకుని అందరూ వెళ్ళిపోతే సాయంత్రం దాకా నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను. వీధి చివర ఒక చిన్న ఫైర్ స్టేషన్ ఉంది. రోజూ ఆ ఇంజనుని బయటికి తీసి కడుగుతారు. మన పాలేరు గేదెల్ని కూడా అంత శ్రద్ధగా కడగలేదు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపితే వాళ్ళూ ఊపుతారు. పగలు నన్ను పలకరించేది వాళ్ళే.

ఈ చలికాలం మొదట్లో పోస్టులో పచ్చరంగు కార్డు ఒకటి వచ్చింది. ఫైర్ డిస్ట్రిక్ట్ బోర్డు మీటింగ్‌కి తమరందరినీ సాదరంగా ఆహ్వానిస్తున్నాం అని రాసి ఉంది. సుజాతకి చూపిస్తే, "అది అందరికీ వేస్తారమ్మా, జంక్ మెయిల్, పారేయి" అంది.

"అందరినీ పిలిస్తే మనల్ని పిలిచినట్టు కాదా?" అన్నాను.

నీకు తెలియనిదేముంది అక్కయ్యా. మా ఆయన పోయాక నన్ను శుభకార్యానికి పిలిచినవాళ్ళు లేరు. శుభలేఖ చేతికిస్తూనే "నువ్వు ఎలాగూ రాలేవులే సావిత్రీ" అని నా సమాధానం కూడా వాళ్ళే చెప్పేసేవాళ్ళు. అన్నాళ్ళ తర్వాత ఎవరో సాదరంగా రమ్మంటే వెళ్ళకుండా ఎలా ఉంటాను. పిలిచిన ఇంటికి వట్టి చేతులతో వెళ్ళకూడదు కదా, డబ్బానిండా పులిహోర కలుపుకుని వెళ్ళాను.

వెళ్ళి చూస్తే గుండె తరుక్కుపోయింది. ఒక బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. ఎదురుగా వరసలుగా కుర్చీలు వేసి ఉన్నాయి. ఒక్కడంటే ఒక్కడు రాలేదు. పక్కనే కాఫీ, బిస్కట్లు. పెళ్ళికి అన్నీ అమర్చుకుని మగపెళ్ళివారి కోసం గుమ్మం వైపు చూస్తున్నట్టు ఉన్నారు పాపం. నేను ముందు వరసలో కూర్చున్నాను. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పక్కన నిలబడ్డ స్టేషన్ చీఫ్, బుర్రమీసాలాయన, నెమ్మదిగా వచ్చి "ఇంట్లో అంతా క్షేమమేనా అమ్మా? ఏదైనా ఫిర్యాదా?" అని అడిగాడు.

"మీరు పిలిచారు కదా, వచ్చాను" అన్నాను.

"ఇన్నేళ్ళలో ఆ కార్డు చదివి వచ్చింది మీరొక్కరే" అన్నాడు. ఆయన వేళాకోళం చేస్తున్నాడేమో అనుకున్నాను. కాదు.

నువ్వు అడుగుతావు, నిప్పు ఆర్పేవాళ్ళకి మీటింగ్ ఏమిటని. నేను సోషల్ టీచరుగా జీవితమంతా పంచాయతీల పాఠం చెప్పినదాన్ని కాబట్టి చెబుతాను, విను. ఇది కూడా ఒక పంచాయతీయే. కాకపోతే నిప్పుకీ, అంబులెన్సుకీ మాత్రమే. రోడ్డు వీళ్ళది కాదు, నీళ్ళు వీళ్ళవి కావు. బడికి వేరే బోర్డు, లైబ్రరీకి వేరే బోర్డు, చివరికి దోమలకి కూడా వేరే బోర్డు ఉంది. నీ మీద ఒట్టు. ఇళ్ళ పన్నులో కొంత ముక్క ఈ నిప్పు పంచాయతీకి వస్తుంది. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో జనం ఎన్నుకున్న ఈ ముగ్గురూ అందరిముందూ కూర్చుని తేల్చాలి. ఆ అందరూ ఎవరయ్యా అంటే, నేను. ప్రెసిడెంటు పేరు బాబ్. మొక్కజొన్న రైతు, టోపీ తీస్తే నుదురు ఒక రంగు, మొహం ఒక రంగు.

అప్పట్నుంచీ నెలనెలా వెళ్ళాను. చీఫ్ లేచి ఆ నెల ఏమేం జరిగాయో చదువుతాడు. ఒకళ్ళ పొయ్యి అంటుకుంది, ఒక ముసలాయన మంచం మీంచి పడ్డాడు, పొగ అలారం బ్యాటరీ అయిపోయి కీచుమంటుంటే ఎవరో ఇల్లు కాలిపోతోందని కబురు పెట్టారు. ఒకసారి ఒక సభ్యుడు రాలేదు. గొట్టాలు కొనాలని బాబ్ ప్రతిపాదిస్తే బలపరచాల్సిన రెండో ఆయన కునుకు తీస్తున్నాడు. నేను ఉండబట్టలేక చెయ్యెత్తి "సెకండ్" అన్నాను. బాబ్ కళ్ళజోడు సర్దుకుని, "అమ్మా, ప్రజలు బలపరచకూడదు, ఓటేసి మమ్మల్ని కూర్చోబెట్టాక మేమే బలపరచుకోవాలి" అన్నాడు. సరేలెమ్మని ఆ రెండో ఆయనకి పులిహోర అందించి లేపాను.

మొన్న మార్చి మీటింగ్‌లో అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. ఇళ్ళ ధరలు పడిపోయి పన్ను రాబడి తగ్గిందట. మన వీధి స్టేషన్ మూసేసి, రైలు పట్టాల అవతలి ఊరి ఇంజనుని పిలుచుకుందామని ప్రతిపాదన. ఆ పట్టాల మీద గూడ్సు వస్తే ఎంతసేపు పడుతుందో నీకు తెలియదు. మొదటి పెట్టె చూసి బియ్యం కడిగితే ఆఖరి పెట్టె వెళ్ళేసరికి అన్నం ఉడుకుతుంది. మా ఎదురింటి డోరతీ అని పెద్దావిడ, ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని తిరుగుతుంది. చలికాలంలో ఊపిరాడక పడిపోతే నేను చెప్పులు వేసుకునేలోపు ఈ అంబులెన్సే వచ్చి బతికించింది. అది గేటు అవతల ఆగి ఉంటే?

"జనాన్ని అడగరా?" అన్నాను.

"అడుగుతాం. వచ్చే నెల హియరింగ్ పెడతాం. మనుషులు వచ్చి కావాలంటే ఇంకో దారి వెతుకుతాం. ఎవరూ రాకపోతే అభ్యంతరం లేదనే అనుకోవాలి. కార్డులు వేస్తున్నాం" అన్నాడు బాబ్, ఖాళీ కుర్చీల వైపు చూస్తూ.

నాకు ఒళ్ళు మండింది. "కార్డు వేస్తే ఎవరు వస్తారండీ? ఇంటికి వెళ్ళి పిలవాలి" అన్నాను. చీఫ్, తన సిబ్బంది ఆ పని చేయకూడదని రూలు ఉందన్నాడు. మురళి ఆఫీసు నుంచి వచ్చి, "అత్తయ్యగారూ, మీకెందుకు శ్రమ, కాలనీ అంతటికీ ఈమెయిల్ పెడతాను" అన్నాడు. పెట్టాడు. ఒక్కరే జవాబిచ్చారు, ఇకమీదట తనకి ఇలాంటివి పంపవద్దని. సుజాతని బొట్టు పెట్టి పిలిచి రావే అంటే, "ఆఫీసులో రిలీజ్ పని ఉందమ్మా, పైగా చెప్పకుండా తలుపు కొడితే ఇక్కడ పోలీసుల్ని పిలుస్తారు" అంది.

అమ్మ మనిద్దరికీ చెరొకటీ ఇచ్చిన వెండి కుంకుమ భరిణెలు గుర్తున్నాయి కదా. నాది సుజాతకి ఇద్దామని తెచ్చాను. దానిని పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. పట్టుచీర కట్టాను, కింద మురళి పాత స్పోర్ట్స్ బూట్లు వేసుకున్నాను, అంతా సిద్ధమే, కాలు కదలదు. నువ్వు గుర్తొచ్చావు. మీ అమ్మాయి రమణి పెళ్ళిలో నా చెయ్యి పట్టుకుని, "లోపలి గదిలో కూర్చోవే సావిత్రీ, ఎవరైనా ఏమైనా అంటారు" అన్నావు. నా మంచికే అన్నావని తెలుసు. ఆ గదిలో నాకు తోడు అరటిగెలలు, అప్పడాల డబ్బా. మరి ఇప్పుడు నేను ఒకరికి బొట్టు పెట్టడమేమిటి? చివరికి ఒక ఉపాయం తట్టింది. భరిణె చాపుతాను, వాళ్ళే పెట్టుకుంటారు, నా చెయ్యి తగలదు, ఏ దోషమూ లేదు.

మొదట డోరతీ ఇంటికే వెళ్ళాను. "మా వైపు తప్పకుండా రావాలనుకున్నవాళ్ళని ఇలా పిలుస్తాం" అని భరిణె చాపాను.

"నొప్పి పుడుతుందా?" అంది.

"లేదండీ."

"అయితే పెట్టు" అని కళ్ళు మూసుకుని నుదురు ముందుకి చాపింది.

ఏం చేయను అక్కయ్యా. గొట్టం పెట్టుకున్న మనిషిని ఎంతసేపని అలా నిలబెడతాను. పెట్టాను. బొట్టు కాస్త పక్కకి పోయింది. అయినా ఏ ఉపద్రవమూ రాలేదు. ఆవిడ అద్దంలో చూసుకుని మురిసిపోయింది. ఆ తర్వాత ఇక నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. ఒళ్ళంతా పచ్చబొట్లున్న మోటార్ సైకిల్ మనిషి ఒంగి పెట్టించుకున్నాడు. మెక్సికో వాళ్ళింట్లో ముసలావిడ నా చెయ్యి ముద్దు పెట్టుకుంది. ఒకళ్ళు వాళ్ళ కుక్కకి కూడా పెట్టమన్నారు. పెట్టాను.

భయం వేసిందల్లా మనవాళ్ళింటి దగ్గరే. వరంగల్ అమ్మాయి, స్వప్న. తలుపు తీసి బోసిగా ఉన్న నా నుదురు చూసింది, చేతిలో భరిణె చూసింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"గట్ల ఆగిపోయిన్రేంది అత్తమ్మా, పెట్టుండ్రి" అంది. "మా నాయిన పోయినంక మా అమ్మ గడప దాటుతలేదు. ఇయ్యాల ఫోన్ జేసి మీ ముచ్చట జెప్త."

ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ పిల్లే టీ పెట్టి ఇచ్చింది.

హియరింగ్ రోజు వాళ్ళ హాలు చూడాల్సింది నువ్వు. కుర్చీలు నిండి, గోడల వెంబడి నిండి, గుమ్మం దాకా జనం. అందరి నుదుటా ఎర్రగా బొట్టు. నేను పెట్టింది వారం కిందట కదా, చెరిగిపోతే రానివ్వరేమోనని లిప్‌స్టిక్‌తో దిద్దుకొచ్చారట కొందరు. కుక్క కూడా వచ్చింది. బాబ్ టోపీ తీసి అలాగే ఉండిపోయాడు. చీఫ్ మాత్రం తల పట్టుకున్నాడు. ఆ హాల్లో ఇంతమందికి మించి ఉండరాదని గోడమీద బోర్డు. అది పెట్టించింది ఆయనే. ఊళ్ళో అందరి హోటళ్ళకీ ఆ రూలు కింద జరిమానాలు వేసిన మనిషి, తన స్టేషన్‌లోనే అది తప్పాడని పేరొస్తే ఎలా?

"ఇంజను బయటికి తీయండి" అన్నాను.

తీశారు. ఇంజను ఉండే చోట కుర్చీలు వేసి మీటింగ్ పెట్టారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, బాబ్ వంటింటి టైమరు తిప్పి పెట్టాడు. డోరతీ లేచి, "గూడ్సు బండి దాటేంతసేపు నేను ఊపిరి బిగబట్టుకోలేను" అని కూర్చుంది. టైమరు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆఖర్న బాబ్ నా వైపు చూసి, "మీరేమైనా చెబుతారా?" అన్నాడు. స్థానిక స్వపరిపాలన మీద రాత్రంతా తయారుచేసుకున్న ఉపన్యాసం ఉంది నా దగ్గర. అంతమందిని చూసేసరికి ఒక్క ముక్క గుర్తు రాలేదు. "అందరూ పులిహోర తిని వెళ్ళండి" అన్నాను.

కొత్త ఇంజను కొనడం వాయిదా వేసి పాతదాన్నే బాగుచేయించుకుంటామని, ఈ ఏడాదికి స్టేషన్ ఉంచుతామని ముగ్గురూ చేతులెత్తారు. జనం చప్పట్లు కొట్టారు. నేను పులిహోర వడ్డిస్తుంటే డోరతీ నా మొహంలోకి చూసి, "అందరినీ పిలిచావు, నిన్నెవరూ పిలవలేదా?" అంది. వద్దనేలోపే నా భరిణెలో వేలు ముంచి నా నుదుట పెట్టింది. తుడుచుకోలేదు అక్కయ్యా. తుడుచుకోవాలని అనిపించలేదు. ఇంటికొచ్చాక సుజాత చూసింది, వచ్చి నా పక్కన కూర్చుంది.

ఇప్పుడు నాకు తీరిక లేదు. లైబ్రరీ బోర్డు వాళ్ళు నన్ను ఒకసారి పంపమని బాబ్‌ని అడిగారట. దోమల బోర్డు వాళ్ళు కూడా అడిగారు. ఆలోచించి చెబుతానన్నాను.

ఆరోగ్యం జాగ్రత్త. మోకాళ్ళకి నూనె రాయించుకో. బావగారికి నా నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, పెద్దదానివి, ఆ తర్వాతే దీవించు.

రవళి పెళ్ళికి టికెట్ కొంటానని మురళి అంటున్నాడు. నీ శుభలేఖ చూశాను. వెనకవైపు నీ చేత్తో, "అంత దూరం నుంచి ఎలాగూ రాలేవులే" అని రాశావు. కార్డు వేస్తే ఎవరు వస్తారు అక్కయ్యా? అమ్మ ఇచ్చిన నీ భరిణె తీసి ఉంచు. గుమ్మంలో నుంచుని బొట్టు పెట్టి పిలువు, వస్తాను.

నీ చెల్లెలు
సావిత్రి